చుట్టపుచూపు చలికాలం

మా అమ్మా నాన్నా చలికాలం గడపడానికి మొదటిసారి దుబాయ్ వచ్చినప్పుడు రెండు నెలలకని టిక్కెట్లు తీశాం. ఇరవై మూడో రోజు పొద్దున మా నాన్న కాఫీ తాగుతూ, "ఒరేయ్, తిరుగు టిక్కెట్టు ముందుకి జరుపుకోవచ్చుట గదా?" అన్నారు. ఏం లోటు జరిగిందో మాకు అర్థం కాలేదు. ముప్ఫయ్యో అంతస్తులో ఇల్లు, కిటికీ తీస్తే సముద్రం, వారాంతం వస్తే మాల్‌కో బీచ్‌కో షికారు. మా ఆవిడ గుచ్చి గుచ్చి అడిగితే, తెనాలి బళ్ళో ముప్ఫై ఆరేళ్ళు పాఠాలు చెప్పిన ఆ మనిషి చెప్పిన కారణం ఒక్కటే. "ఇక్కడ నాకు ఎదురుపడేవాళ్ళెవరూ లేరమ్మా."

మరుసటి ఏడాది అద్దె తగ్గుతుందని మేము సత్వాకి మారాం. ఆ చలికాలం వాళ్ళు ఎనభై రోజులున్నారు. టిక్కెట్టు మాట ఎత్తలేదు. ఇల్లు చిన్నది, కిటికీలోంచి కనిపించేది ఎదురింటి ఏసీ పెట్టెలు. మరి తేడా ఎక్కడొచ్చింది? అమ్మానాన్నల్ని పిలిపించుకునే ప్రతి ప్రవాసాంధ్ర కుటుంబానికీ ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది కాబట్టి, నాకు తెలిసినంతలో దీన్ని కాస్త విడమరిచి చెబుతాను.

ఎవరి వలస ఎప్పుడు

అమెరికాలో ఉన్నవాళ్ళు అమ్మానాన్నల్ని సాధారణంగా వేసవిలో పిలిపించుకుంటారు. అక్కడి మంచు తప్పుతుంది, ఇక్కడి రోహిణీకార్తె తప్పుతుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళది సరిగ్గా దీనికి వ్యతిరేకం. జులైలో దుబాయ్ పగటి వేడి 41 డిగ్రీలు దాటుతుంది, పైన సముద్రపు ఉక్క. పెద్దవాళ్ళు గడప దాటలేరు. అదే జనవరిలో పగలు 24, రాత్రి 14 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. నవంబరు నుంచి మార్చి దాకా ఇక్కడ ఆరుబయట తిరిగే కాలం.

ఒక బిడ్డ డాలస్‌లో, ఇంకో బిడ్డ దుబాయ్‌లో ఉన్న దంపతులైతే వేసవి అక్కడ, శీతాకాలం ఇక్కడ గడపొచ్చు. అమెరికా సందర్శక వీసా మీద మామూలుగా ఒక విడతకి ఆరు నెలలిస్తారు. ఇక్కడి అయిదేళ్ళ పర్యాటక వీసా మీద ఏడాదికి 180 రోజులు ఉండొచ్చు. లెక్కకి సంవత్సరం నిండిపోతుంది. ఊళ్ళో ఇంటి తాళం మాత్రం తుప్పు పడుతుంది.

సూళ్ళూరుపేట దగ్గర పులికాట్ సరస్సుకి చలికాలంలో ఫ్లెమింగోలు వస్తాయని మనకి తెలుసు. దుబాయ్ నడిబొడ్డున రాస్ అల్ ఖోర్ అనే చిత్తడినేలకీ చలికాలంలో అవే ఫ్లెమింగోలు వస్తాయి. మా నాన్న వాటిని చూసి, "ఇవి గుంపుగా వస్తాయి గనక సరిపోయింది" అన్నారు. అప్పుడు నవ్వుకున్నాం గానీ అసలు విషయం ఆ మాటలోనే ఉంది.

ఎడారిలో ఇంటిబళ్ళు

ఉత్తర అమెరికాలో చలికాలానికి దక్షిణంగా దిగివచ్చే రిటైరైన దంపతుల్ని "స్నోబర్డ్స్" అంటారు, అంటే మంచుపక్షులు. మిన్నెసోటా నుంచి, కెనడా నుంచి అరిజోనా ఎడారికి వచ్చేస్తారు. మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ లోపలే ఉన్న ఆర్వీ బండి వాళ్ళ ఇల్లు. యూమా, మేసా వంటి ఊళ్ళలో ఈ బళ్ళ కోసమే రిసార్టులున్నాయి. అంత ఖర్చు వద్దనుకునేవాళ్ళకి క్వార్ట్‌జైట్ అనే చిన్న ఊరి పక్కన ప్రభుత్వ భూమిలో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా, అంటే ఏడు నెలలు, బండి నిలుపుకోవడానికి అనుమతి ఉంది.

వాళ్ళు అక్కడికి వెచ్చదనం కోసం వెళతారన్నది సగం నిజం. ఆ రిసార్టుల్లో వడ్రంగం నేర్చుకునే షెడ్డు ఉంటుంది, పేకాట బల్ల ఉంటుంది, సాయంత్రం నాట్యం ఉంటుంది. నిరుడు పక్కబండిలో ఉన్నవాళ్ళే ఈ ఏడూ పక్కకొస్తారు. ఒకరికి జబ్బు చేస్తే ఇంకొకరు సూప్ కాచి పట్టుకొస్తారు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ దంపతులు అక్కడ ఎవరికీ అతిథులు కారు. తమ తలుపు, తమ తాళంచెవి, తమ ఈడువాళ్ళు.

మన పెద్దవాళ్ళ చలికాలం అలా ఉండదు. వాళ్ళు వచ్చేది ఎడారికి కాదు, కొడుకింటికో కూతురింటికో. అది సంతోషమే. కానీ ఎంత ప్రేమగల ఇల్లయినా ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఖాళీగానే ఉంటుంది. పిల్లలు బడికి, పెద్దలు ఆఫీసుకి. మిగిలేది టీవీ, కుక్కరు కూత. చుట్టపుచూపు నాలుగు రోజులైతే బాగుంటుంది గానీ, ఎనభై రోజులు చుట్టంగానే ఉండమంటే ఎవరికైనా శిక్షే.

సత్వాలో ఏముంది

దుబాయ్ అనగానే అద్దాల మేడలు గుర్తొస్తాయి. షేక్ జాయెద్ రోడ్డు మీది ఆ మేడల వరసకి వెనకపక్కనే, జుమేరా సముద్రతీరానికి ఇవతల, సత్వా ఉంది. ఎక్కువగా తక్కువ అంతస్తుల భవనాలు, మధ్యమధ్య పాత ఒంటి అంతస్తు ఇళ్ళు. దర్జీ దుకాణాలకి, బట్టల కొట్లకి పేరున్న పేట. మొక్కలమ్మే నర్సరీలు వరసగా ఉన్న వీధి ఒకటుంది, దాన్ని అందరూ ప్లాంట్ స్ట్రీట్ అంటారు. 1978 నుంచి నడుస్తున్న రావి అనే పాకిస్తానీ హోటలుంది. నీలిరంగు పలకల ఇరానీ మసీదుంది. బస్టాండు పేట మధ్యలోనే ఉంది. ఫిలిప్పీన్స్, పాకిస్తాన్, నేపాల్, కేరళ, తెలంగాణ, అందరూ ఆ కాలిబాట మీద కనిపిస్తారు. కాలిబాట ఉండటమే పెద్ద సంగతి.

ముసలివాళ్ళకి కావలసింది నడవగలిగిన దూరంలో నాలుగు పనులు. మా అమ్మకి నర్సరీ వీధి దొరికింది. రోజుకొక మొక్క బేరం చేసి కొనకుండా వచ్చేది. అయిదో రోజు నుంచి నర్సరీవాడే పిలిచి కుర్చీ వేశాడు. మా నాన్నకి దర్జీ కొట్టు దొరికింది. ఆ దర్జీది జగిత్యాల దగ్గర ఒక పల్లె. కొట్లో అందరూ అతన్ని "మాస్టర్" అంటారు. మా నాన్న మాస్టారు. ఇద్దరు మాస్టర్లకీ పొద్దున పదింటి టీ దగ్గర స్నేహం కుదిరింది. కత్తెర పట్టుకుని అతనూ, పేపరు పట్టుకుని ఈయనా. మొత్తానికి మా నాన్నకి ఎదురుపడేవాళ్ళు దొరికారు.

సత్వాలో పెద్ద వీధి పేరు ఇప్పుడు డిసెంబర్ 2 స్ట్రీట్. 1971 డిసెంబరు 2న ఎమిరేట్స్ ఒక్కటై దేశంగా ఏర్పడిన యూనియన్ హౌస్ ఆ వీధి సముద్రం వైపు చివరనే ఉంది కాబట్టి, 2011లో ఆ పేరు పెట్టారు. అంతకుముందు దాని పేరు అల్ దియాఫా. అరబ్బీలో దియాఫా అంటే అతిథి మర్యాద. పాత కాపురస్తులు ఇప్పటికీ ఆ పేరే వాడతారు.

సత్వా కూడా శాశ్వతం కాదు. 2008లో ఇక్కడ జుమేరా గార్డెన్ సిటీ అనే భారీ పథకం ప్రకటించి పాత ఇళ్ళు చాలా కూల్చారు. అంతలో ఆర్థిక మాంద్యం వచ్చి పని ఆగింది. తర్వాత ఆ ఖాళీ స్థలాల్లో కొత్త అపార్టుమెంట్లు లేచాయి. పాత పేట మిగిలినంత మేర మిగిలింది. అలాంటి పేట మీ ఊళ్ళో ఏదో ఒకటి ఉంటుంది, న్యూజెర్సీలో అయినా, సింగపూర్‌లో అయినా. అమ్మానాన్నలు వచ్చేముందు స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లు వెతికేకంటే అలాంటి వీధి వెతకడం మేలు.

సామాను కట్టుకునేముందు

ఇక కాగితాల సంగతి. ఇక్కడ పొరపాటు జరిగితే చలికాలం మొత్తం పాడవుతుంది.

వీసా: పైన చెప్పిన అయిదేళ్ళ పర్యాటక వీసాకి 2021లో ఆమోదం దొరికింది. ఒక విడతకి 90 రోజులు, పొడిగించుకుంటే ఇంకో 90. దీనికి స్పాన్సర్ అక్కరలేదు గానీ బ్యాంకులో 4,000 డాలర్లకి సమానమైన నిల్వ చూపాలి. 55 ఏళ్ళు దాటి ఆస్తి, పొదుపు లేక పింఛను తగినంత ఉన్నవారికి దుబాయ్ 2020లో రిటైర్మెంట్ వీసా కూడా మొదలుపెట్టింది. పొదుపు లెక్కన అడిగేది పది లక్షల దిర్హమ్‌లు కాబట్టి బడిపంతుళ్ళకి అందేది కాదు. నిబంధనలు తరచూ మారతాయి. టిక్కెట్టు కొనేముందు మళ్ళీ ఒకసారి చూసుకోండి.

మందులు: నొప్పికి వాడే ట్రామడాల్, నిద్రకి వాడే కొన్ని మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గుమందు ఈ దేశంలో నియంత్రిత మందులు. ఇలాంటివి తెచ్చుకోవాలంటే డాక్టరు చీటీతో ఇక్కడి ఆరోగ్యశాఖ దగ్గర ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. పెద్దవాళ్ళు మందుల పేర్లు చూసుకోరు, "ఆ తెల్లమాత్ర" అంటారు. మీరే చూడాలి.

వంటింటి సామాను: గసగసాలు ఇక్కడ నిషిద్ధం. కూర మసాలాలో వేసుకునే ఆ పొట్లమే విమానాశ్రయంలో మాదకద్రవ్యం కేసవుతుంది. తాంబూలం అలవాటున్నా సరే, తమలపాకులు పెట్టె బయటే ఉంచండి.

ఆరోగ్య బీమా: సందర్శకుల పాలసీలు చాలావాటిలో అంతకుముందే ఉన్న బీపీ, షుగరు, గుండె జబ్బులకి వర్తింపు ఉండదు. తక్కువ ప్రీమియం చూసి మోసపోకుండా ఆ పేరా చదవండి. కెనడా మంచుపక్షులూ ఇలాగే లెక్కలు వేసుకుంటారు. ఒంటారియోవాళ్ళు ఏడాదిలో 212 రోజులకి మించి బయట ఉంటే ఆ రాష్ట్రపు ఆరోగ్య బీమా పోతుంది.

పింఛను: కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో జీవన ధ్రువపత్రం ఇవ్వాలి. 80 ఏళ్ళు నిండినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. సరిగ్గా విమానం ఎక్కే నెల అది. 2014లో మొదలైన జీవన్ ప్రమాణ్ ద్వారా దీన్ని ఆన్‌లైన్‌లో ఇవ్వొచ్చు. 2021 నుంచి ఫోన్‌లో ముఖం చూపినా చాలు. బయల్దేరే ముందే ఆ పని ముగించుకుంటే బతికే ఉన్నామని దుబాయ్ నుంచి రుజువు చేసుకునే తిప్పలుండవు.

రోడ్డు దాటడం: నిర్ణీత స్థలంలో కాక ఎక్కడపడితే అక్కడ దాటితే 400 దిర్హమ్‌ల జరిమానా. తెనాలి బోసు రోడ్డు అలవాటు ఇక్కడ పనికిరాదు. మా నాన్నకి ఇది పది రోజులు నేర్పాల్సి వచ్చింది.

గుడి: బర్ దుబాయ్‌లోని పాత శివాలయం 2024 జనవరిలో జెబెల్ అలీకి తరలింది. 2022లో అక్కడ తెరిచిన హిందూ ఆలయమూ పక్కనే. సత్వా నుంచి దూరమే, అయినా వారానికొక ప్రయాణం పెట్టుకుంటే పెద్దవాళ్ళకి వారం తిరిగినట్టుంటుంది.

రాని అమ్మానాన్నలు

ఇంత చెప్పి ఒక మాట దాచితే అబద్ధం చెప్పినట్టే. ఈ చలికాలం అందరికీ లేదు. తల్లిదండ్రుల్ని నివాస వీసా మీద ఉంచుకోవాలంటే జీతానికి ఒక హద్దుంది, సరిపడా ఇల్లుండాలి. సందర్శక వీసాకైనా టిక్కెట్లు, బీమా కలిపితే కూలి మనిషికి కొన్ని నెలల జీతం. పైగా వాళ్ళని ఉంచేదెక్కడ? సత్వాలోనే ఒక గదిలో మంచానికింత అని అద్దె కట్టి ఆరుగురు, ఎనిమిదిమంది ఉంటారు. వాళ్ళలో కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప, అన్ని వైపులవాళ్ళూ ఉన్నారు.

దర్జీ మాస్టర్ ఈ ఊరికొచ్చి పద్దెనిమిదేళ్ళు. వాళ్ళమ్మ ఒక్కసారి కూడా దుబాయ్ చూడలేదు. ఒకరోజు కొట్లోంచి వీడియో కాల్ చేస్తే, ఫోను మా అమ్మ చేతికిచ్చాడు. ఆవిడ అటునుంచి, "అక్కా, మావోడు తిన్నడా? మంచిగున్నడా?" అని అడిగింది. మా అమ్మ అతని వంక చూసి, "బాగున్నాడమ్మా, చొక్కాలు బాగా కుడుతున్నాడు" అని చెప్పింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం గిన్నెలో కాస్త పప్పు, కాస్త పచ్చడి కొట్టుకి వెళ్ళడం మొదలైంది. మా నాన్న ఇంటికొచ్చాక అన్నారు, "వాళ్ళమ్మ చూడాల్సిన ఊరు నేను చూస్తున్నాన్రా." ఆ తర్వాత కాసేపు ఎవరం మాట్లాడలేదు.

అప్పుడు నాకు అర్థమైంది, ఆ చలికాలం వాళ్ళు ఎందుకు నిలబడ్డారో. వాళ్ళతో ఆ వీధికి పని పడింది. మా ఇంట్లో వాళ్ళు చుట్టాలే, కొట్లో మాత్రం కాదు.

పిల్లలకి నేను చెప్పేది ఇంతే. అమ్మానాన్నలు వచ్చిన మర్నాడే ఇంటి తాళంచెవి ఇంకొకటి చేయించి వాళ్ళ చేతికివ్వండి. వాళ్ళతో మొదటి వారం వీధులు నడవండి, రెండో వారం నుంచి వాళ్ళనే వెళ్ళనివ్వండి. ఆలస్యమైతే కంగారుపడకండి. ఎవరో కుర్చీ వేసి ఉంటారు.

మార్చి మొదటి వారంలో వాళ్ళు వెళ్ళేటప్పుడు మా నాన్న తన తాళంచెవి నాకివ్వబోయి మళ్ళీ జేబులో వేసుకున్నారు. దర్జీ మాస్టర్ ఒక జత లాల్చీలు కుట్టి తెచ్చి, కొలతలు తన పుస్తకంలోనే ఉంచానన్నాడు, వచ్చే నవంబరుకి.