ఫారో దీవుల ఫుట్‌బాల్ సీజన్

ఉత్తర అట్లాంటిక్‌లో ఐస్‌లాండ్‌కూ నార్వేకూ నడుమ ఉన్న 18 దీవుల సముదాయం ఫారో. డెన్మార్క్ రాజ్యంలో స్వయంపాలన కలిగిన ఈ దీవులన్నిటి జనాభా సుమారు 54 వేలు. అంత తక్కువమందితోనే ఇక్కడ పది జట్ల జాతీయ లీగ్ నడుస్తోంది. 1942లో మొదలైన ఈ పోటీ 1944లో మాత్రం జరగలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో దీవులు బ్రిటిష్ సైన్యం అధీనంలో ఉన్నాయి; ఆడదామంటే బంతులు దొరకలేదు.

యూరప్‌లోని పెద్ద లీగులు ఆగస్టులో మొదలై మే నెలలో ముగుస్తాయి. ఫారోలో అలా కుదరదు. చలికాలంలో పగలు ఐదారు గంటలే, పైగా తుపాను గాలులు. అందుకే మార్చిలో మొదలుపెట్టి అక్టోబరులో ముగిస్తారు. ప్రతి జట్టూ మిగతా తొమ్మిదింటితో మూడేసిసార్లు ఆడుతుంది. అలా వచ్చే 27 మ్యాచ్‌లలో సొంత మైదానంలో కొందరికి 14, కొందరికి 13 దక్కుతాయి. చివరి రెండు జట్లు కింది డివిజన్‌కు దిగిపోతాయి.

రాతినేల మీద, ఎడతెగని వానల్లో మంచి పచ్చిక నిలబెట్టడం కష్టం. 1990లో జాతీయ జట్టు తన తొలి యూరో అర్హత మ్యాచ్‌లో ఆస్ట్రియాను 1-0తో ఓడించింది స్వీడన్‌లోని లాండ్స్‌క్రోనాలో. దీవుల్లో అప్పటికి తగిన గడ్డి మైదానమే లేదు. ఇప్పుడు లీగ్ మ్యాచ్‌లు కృత్రిమ పచ్చిక మీద జరుగుతాయి. ఆటగాళ్లలో చాలామందికి వేరే ఉద్యోగాలున్నాయి, సాధన పని ముగిశాకే. ప్రధాన దీవులను వంతెనలు, సముద్రం అడుగు సొరంగాలు కలిపినా, దక్షిణాన ఉన్న సూదురోయ్‌కు రాజధాని టోర్షావ్న్ నుంచి రెండు గంటల ఓడ ప్రయాణం తప్పదు.

ఈ లీగ్ సత్తాను యూరప్‌కు చాటింది 2023 సీజన్. సుమారు ఐదు వేల జనాభా ఉన్న క్లాక్స్‌విక్ పట్టణపు జట్టు కేఐ, చాంపియన్స్ లీగ్ అర్హత పోటీలో హంగరీ చాంపియన్ ఫెరెంట్స్‌వారోష్‌ను బుడాపెస్ట్‌లోనే 3-0తో ఓడించింది. మర్నాడే హంగరీ క్లబ్ తన కోచ్‌ను తొలగించింది. తర్వాత స్వీడన్ జట్టు హెకెన్‌పై పెనాల్టీ షూటౌట్‌లో నెగ్గింది. నార్వే జట్టు మోల్డెను సొంతగడ్డపై 2-1తో ఓడించినా, రెండో మ్యాచ్‌లో అదనపు సమయంలో వెనకబడి చాంపియన్స్ లీగ్‌కు దూరమైంది. అయితేనేం, కాన్ఫరెన్స్ లీగ్ గ్రూప్ దశకు చేరిన తొలి ఫారో క్లబ్‌గా నిలిచింది. అక్కడ స్లొవేనియా జట్టు ఒలింపియాను 3-0తో ఓడించి, ఫ్రాన్స్ జట్టు లిల్‌తో డ్రా చేసుకుంది. దేశంలో లీగ్ టైటిలూ నిలబెట్టుకుంది.

ఈ విజయాలను అదృష్టం ఖాతాలో వేయడం అన్యాయం. జులైలో హంగరీ జట్టు సెలవులు ముగించుకుని కొత్త సీజన్‌కు అప్పుడే సిద్ధమవుతోంది. కేఐ ఆటగాళ్లేమో నాలుగు నెలలుగా లీగ్‌లో ఆడుతూ ఊపు మీదున్నారు. వాతావరణం శాసించిన క్యాలెండర్ వాళ్లకు కలిసొచ్చింది. అయితే ఆ వెసులుబాటు వెనక భారమూ ఉంది: అక్టోబరులో లీగ్ ముగిశాక కూడా కేఐ డిసెంబరు మధ్యదాకా యూరప్‌లో ఆడాల్సి వచ్చింది.

చిన్న లీగ్‌కు ఇలాంటి గెలుపుతో ఒక చిక్కుంది. యూరప్ పోటీల్లో ముందుకు వెళ్లేకొద్దీ వచ్చే సొమ్ము ఒకే క్లబ్ చేతికి చేరుతుంది. మిగతా తొమ్మిది జట్లకు ఆ స్థాయి ఆదాయం ఉండదు. 2019, 2021, 2022, 2023 టైటిళ్లు కేఐవే కావడంతో పోటీ ఏకపక్షమవుతుందన్న ఆందోళన సహజమే. కానీ 2024లో కేఐని వెనక్కి నెట్టి వికింగుర్ చాంపియన్ అయింది.