పేద విద్యార్థికి స్మార్ట్‌ఫోన్: విలాసమా? అవసరమా?

ఒకప్పుడు విద్యార్థి చేతిలో పలక, ఆ పిదప పుస్తకం ఉంటే చాలునని భావించేవారు. నేడు వాటి సరసన స్మార్ట్‌ఫోన్ చేరింది. చదువుకునే పిల్లలకు ఫోన్ ఎందుకని పెద్దలు మందలిస్తుంటారు. ఆ మందలింపులో కొంత న్యాయం లేకపోలేదు. అయినప్పటికీ ఖమ్మం మొదలుకొని భద్రాచలం అడవుల వరకు గల పేద విద్యార్థుల స్థితిగతులను పరిశీలిస్తే ఈ ప్రశ్నకు వేరొక సమాధానం లభిస్తుంది.

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుండి ‘దోస్త్’ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. ఉపకార వేతనానికి ఈ-పాస్‌లో దరఖాస్తు చేయవలసి ఉంటుంది. ఫోన్‌కు వచ్చే ఓటీపీ అంకెలను సకాలంలో చెప్పలేని విద్యార్థి మొదటి మెట్టు వద్దనే నిలిచిపోతాడు.

2020లో కరోనా కారణంగా విద్యాలయాలు మూతపడినప్పుడు, సెప్టెంబరు 1 నుండి పాఠశాల విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. మా కళాశాల పాఠాలు మాత్రం ఫోన్ల మీదనే నడిచాయి. నా తరగతిలోని ఒక విద్యార్థి ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్‌ను అన్న పనికి తీసుకుపోయేవాడు. అతడు రాత్రి తిరిగి వచ్చేదాకా తమ్మునికి పాఠం లేదు. హాజరు పట్టికలో అతనికి గైర్హాజరు వేసినవాడిని నేనే. కారణం తెలిసిన నాటి నుండి ఆ సంగతి తలచుకున్నప్పుడెల్లా సిగ్గుపడుతుంటాను.

ఈ సమస్యకు మూడు ముఖాలున్నాయి. మొదటిది ఫోన్ ధర. 2017లో 1,500 రూపాయల ధరావతుపై జియోఫోన్ వచ్చింది. 2021లో జియోఫోన్ నెక్స్ట్ 6,499 రూపాయలకు విడుదలైంది. రెండవది రీచార్జి. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల జియో పథకం 2024 జూలైలో 239 నుండి 299 రూపాయలకు పెరిగింది. ఆ లెక్కన ఏడాదికి 13 పర్యాయాలకు 3,887 రూపాయలు. రెండేళ్ళలో రీచార్జి వ్యయమే ఆ ఫోన్ ధరను మించిపోతుంది. కనుక ఫోన్ దానం చేసి ఊరుకోవడం గుర్రాన్ని ఇచ్చి గడ్డి మరచినట్లే.

మూడవది సిగ్నల్. చర్ల, దుమ్ముగూడెం, గుండాల వంటి మండలాల అటవీ గ్రామాలలో గుట్టలు, దట్టమైన చెట్లు తరంగాలకు అడ్డుపడతాయి. టవరు పనిచేయాలంటే నిలకడైన విద్యుత్తు, బయటి ప్రపంచంతో కలిపే కేబులు గాని రేడియో లింకు గాని కావాలి. జనం పలుచగా ఉన్నచోట కంపెనీలకు లాభం కానరాదు. అందువల్లనే కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో దేశంలోని 24,680 గ్రామాలకు ప్రభుత్వ వ్యయంతో 4జీ అందించే పథకాన్ని ఆమోదించింది.

ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. కేరళలో ఫహీమా షిరిన్ అనే డిగ్రీ విద్యార్థిని, సాయంత్రం 6 నుండి రాత్రి 10 గంటల వరకు ఫోన్ వాడరాదన్న నిబంధనను అంగీకరించనందున హాస్టలు నుండి తొలగింపబడింది. ఆమె హైకోర్టును ఆశ్రయించగా, అంతర్జాలాన్ని వినియోగించుకోవడం విద్యాహక్కులో, గోప్యతా హక్కులో భాగమని 2019 సెప్టెంబరు 19న న్యాయస్థానం తీర్పు చెప్పింది.

టవర్లు నిలపడం మన చేతిలో లేదు. పాఠాన్ని తేలిక చేయడం మన చేతిలో ఉన్నది. గంటసేపు సాగే వీడియో పాఠానికి కొన్ని వందల ఎంబీలు ఖర్చవుతాయి. అదే పాఠాన్ని 64 కేబీపీఎస్ ధ్వనిగా అందిస్తే దాదాపు 29 ఎంబీలు చాలును. అధ్యాపకులు తెలుగు, ఉర్దూ పాఠాలను ధ్వని రూపంలో సిద్ధం చేయాలి. గ్రంథాలయంలో వైఫై ఉంటే విద్యార్థి వాటిని దింపుకొని, సిగ్నల్ లేని ఇంట్లో కూడా వినగలడు. పుస్తకాలను ఎరువిచ్చినట్లే, బాగుచేయించిన పాత ఫోన్లను గ్రంథాలయం ఏడాదికి ఎరువివ్వవచ్చు. దరఖాస్తుల గడువు రోజులలో సహాయానికి ఒక బల్ల, ఒక మనిషి ఉంటే ఎందరి సీట్లో నిలుస్తాయి. కళాశాల కమిటీ పెద్దలు ఈ విషయాన్ని ఆలోచించవలసిందిగా కోరుతున్నాను.

విద్యార్థి మిత్రులారా! పెద్దల మందలింపును నిజం చేయకండి. మీ చేతిలోని ఫోన్ కోసం ఇంట్లో ఎవరో ఒకరు తమ అవసరాన్ని మానుకున్నారు. ఆ త్యాగానికి తగినట్లుగా దానిని వినియోగించుకోండి. పక్కనున్న మిత్రునికి ఫోన్ లేకపోతే పాఠం వినే ఆ గంటసేపైనా మీ ఫోన్‌ను అతనితో పంచుకోండి.