గాలి తగ్గితే ముప్పు పెరిగినట్లే!

జొన్నాడ: రాజమహేంద్రవరం వైపు నుంచి 16వ నంబరు జాతీయ రహదారిపై వచ్చే కార్లు జొన్నాడ వద్ద గౌతమి వంతెన దాటి రావులపాలెం మీదుగా కోనసీమలోకి ప్రవేశిస్తాయి. పండుగలకు, పెళ్లిళ్లకు స్వగ్రామాలకు వచ్చే కుటుంబాలు కారు నిండా మనుషులు, సామాన్లతో ప్రయాణిస్తుంటాయి. బయలుదేరే ముందు పెట్రోలు ఉందో లేదో చూసుకునేవారిలో చాలామంది టైర్లలో గాలిని మాత్రం కంటితో చూసి సరిపెట్టుకుంటారు. ఈ నిర్లక్ష్యం వల్ల జేబుకు పడే భారం స్వల్పమే అయినా, ప్రాణాలకు పొంచి ఉన్న ముప్పు పెద్దది.

ఇంధనంపై ప్రభావం ఇలా..

గాలి తగ్గిన టైరు తిరిగే ప్రతిసారీ ఎక్కువగా నలిగి, మళ్లీ సాగుతుంది. ఇందుకు ఖర్చయ్యే శక్తిని ఇంజినే సమకూర్చాలి. నాలుగు టైర్లలో ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ సగటున 0.2 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ అంచనా. ఆ లెక్కన 8 పీఎస్‌ఐ తగ్గితే, లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే కారుకు వెయ్యి కిలోమీటర్లలో లీటరుకు కాస్త తక్కువ పెట్రోలు అదనంగా అవుతుంది. టైరు అంచులు త్వరగా అరిగిపోవడం మరో నష్టం.

అసలు ప్రమాదం వేడితోనే

గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లే చిన్న కారు చక్రం సెకనుకు సుమారు 13 సార్లు తిరుగుతుంది. అన్నిసార్లూ నలిగే టైరు పక్కభాగం వేడెక్కి, లోపలి పొరలు రబ్బరు నుంచి విడిపోయి చివరకు టైరు పేలిపోతుంది. వేసవి ఎండ, అధిక బరువు తోడైతే ముప్పు మరింత ఎక్కువ. వానాకాలంలో గాలి తక్కువైన టైరు నీటిని సరిగా తొలగించలేక జారిపోయే అవకాశం ఉంది. అలాగని అతిగా నింపడమూ మంచిది కాదు. టైరు మధ్యభాగమే నేలను తాకి పట్టు తగ్గుతుంది.

అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నింటిలో గాలి తగ్గితే హెచ్చరించే దీపం తప్పనిసరి అయింది. అయితే 25 శాతం తగ్గాక వెలిగినా నిబంధన ప్రకారం సరిపోతుంది. అంటే 32 ఉండాల్సిన టైరులో 24కు పడిపోయేదాకా వెలగకపోవచ్చు. కనుక దీపం ఉన్నా తనిఖీ తప్పదు.

ఏం చేయాలి?

* ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు పక్కనున్న పట్టికలో చూడాలి. నిండు బరువుకు వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి.
* టైర్లు చల్లగా ఉన్నప్పుడు, నెలకోసారి, దూరప్రయాణానికి ముందు మీటరుతో పరీక్షించాలి. స్టెప్నీని మరువరాదు.
* ప్రయాణంలో వేడికి పీడనం పెరగడం సహజం. అప్పుడు గాలి తీసివేయరాదు.
* టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరేలోపే మార్చాలి.
* టైరు పేలితే ఒక్కసారిగా బ్రేకు వేయకూడదు. స్టీరింగును గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటరుపై నుంచి మెల్లగా కాలు తీసి, వేగం తగ్గాక పక్కకు ఆపాలి.

పెట్రోలు బంకులో గాలి ఉచితమే. వంతెన ఎక్కేముందు అక్కడ వెచ్చించే ఐదు నిమిషాలు కుటుంబాన్ని క్షేమంగా ఇంటికి చేర్చగలవు.