వేగానికీ ఒక బడి ఉంది

చార్మినారుకు పడమటి వైపున సాగే లాడ్ బజార్‌లో అడుగుపెట్టినవారికి ముందుగా తెలిసివచ్చే సంగతి ఒకటే: అక్కడ తొందర పనికిరాదు. ఇరుకైన వీధి, రెండు పక్కలా దీపాల వెలుగులో తళతళలాడే గాజుల దుకాణాలు, నడుమ పెళ్లివారూ, తోపుడుబండ్లూ, స్కూటర్లూ. ఎంత ఖరీదైన కారున్నవాడైనా దాన్ని ఎక్కడో దూరాన వదిలి, అందరితోపాటు భుజాలు రాసుకుంటూ నడవవలసిందే.

గడచిన ఫాల్గుణంలో మేనకోడలి పెళ్లి గాజుల కోసం మా చెల్లెలి కుటుంబంతో నేనూ ఆ వీధికి వెళ్లాను. కారు తోలింది మా మేనల్లుడు. వయసు ఇరవైనాలుగు, ఉద్యోగం కొత్త, కారు అంతకంటే కొత్త. గాజుల బేరం సాగుతుండగా వాడు నా చెవిలో మెల్లగా అన్నాడు: "మామయ్యా, వచ్చే ఆదివారం చెన్నై దగ్గర రేసు ట్రాకు మీద కారు నడపడం నేర్పుతారట. పేరు ఇచ్చాను. అమ్మతో మీరే చెప్పాలి."

వాడు మెల్లగా అన్నా మా చెల్లెలికి గట్టిగానే వినపడింది. "పెళ్లి నెలన్నరలోకి వచ్చింది. ఇప్పుడా వీడికి పందేలు? అన్నయ్యా, నువ్వైనా బుద్ధి చెప్పు" అన్నది.

నేను బుద్ధి చెప్పలేదు. వాడి వెంట వెళ్లాను. అక్కడ కళ్లారా చూసినదీ, తెలిసినవారిని అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. కారు మోజు గల కుర్రవాళ్లు ఇప్పుడు ఇంటికొకరు ఉన్నారు గనుక, ఇది నలుగురికీ పనికివస్తుందని నా నమ్మకం.

ఇది పందెం కాదు

మన హైదరాబాదుకు రేసు కార్లు తెలియనివి కావు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున, 2.83 కిలోమీటర్ల బాట మీద విద్యుత్తు కార్ల ఫార్ములా-ఇ పందెం జరిగింది. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏటి పందెం రద్దయింది. అది నాలుగు రోజుల ముచ్చట. నగరపు రోడ్లే తాత్కాలికంగా బాట అయ్యాయి. నిలకడగా ఉన్న బాటలు చెన్నై, కోయంబత్తూరుల దగ్గర ఉన్నాయి.

చెన్నైకి ఈ ముచ్చట పాతదే. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953లో పుట్టింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాలు దిగిన షోలవరం బాట మీద ఏళ్ల తరబడి పందేలు జరిగాయి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకంగా రేసు ట్రాకు వచ్చింది.

ఇటువంటి బాటల మీద పందేలు లేని రోజుల్లో మామూలు కార్లవారిని రానిచ్చి, పక్క సీట్లో అనుభవజ్ఞుడైన గురువును కూర్చోబెట్టి నేర్పే పద్ధతి ప్రపంచమంతటా ఉంది. ఇందులో గెలుపూ ఓటమీ లేవు, బహుమతి లేదు. చాలాచోట్ల గడియారం పట్టి కాలం లెక్కించడం కూడా నిషేధం. "నిన్నటికంటే బాగా నడిపానా?" అన్నదే ప్రశ్న, "పక్కవాడికంటే ముందున్నానా?" అన్నది కాదు. ఈ తేడా మరచిన క్షణానే ప్రమాదం మొదలవుతుంది.

ప్రమాదం ఉత్తమాట కాదు. ఆ ఇరుంగాట్టుకోట్టై బాట మీదనే 2023 జనవరి 8న, ఎన్నో ఏళ్ల అనుభవం గల కె.ఇ. కుమార్ పందెంలో జరిగిన దుర్ఘటనలో 59వ ఏట మరణించారు. తలపండినవారికే తప్పనిది, తొలిరోజు వచ్చినవాడికి ఎంత జాగ్రత్త అవసరమో వేరే చెప్పాలా?

బయలుదేరే ముందు

మొదటి పని ఇంట్లోనే ఉంది: బీమా కాగితం తీసి చదవడం. మన దేశపు మామూలు కారు బీమా పత్రాలలో పందేలకూ, వేగ పరీక్షలకూ వర్తించదనే షరతు ఉంటుంది. బాట మీద కారు నుజ్జయితే ఆ నష్టం సొంతదారుదే అని అనుకుని వెళ్లాలి. మా వాడు ఈ సంగతి విని కాసేపు మాట్లాడలేదు. కారు అప్పు ఇంకా నాలుగేళ్లు ఉంది.

రెండవది బ్రేకులు. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-4 రకం నూనె కొత్తదైతే కనీసం 230 డిగ్రీల వేడిదాకా మరగదు. తేమ పట్టినదానికి ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఊళ్లో తిరిగే కారుకు ఈ తేడా తెలియదు. ట్రాకు మీద పదే పదే బ్రేకు వేసినప్పుడు నూనె మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ నలుగుతుంది గాని బరువు మోయదు. కాలి కింద పెడలు దిండులా మెత్తబడుతుంది. అందువల్ల కొత్త నూనె పోయించి, బ్రేకు ప్యాడ్ల మందం, టైర్ల అరుగుదల, చక్రాల నట్ల బిగింపు, ఇంజను నూనె మట్టం చూపించుకుని మరీ వెళ్లాలి.

మూడవది కారు ఖాళీ చేయడం. నీళ్ల సీసా, గొడుగు, సెల్‌ఫోను, కాలికింద పరచిన పట్టా — ఏదీ ఉండరాదు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు దొర్లివచ్చిన సీసా పెడలు కిందికి చేరితే, కాలు నొక్కినా బ్రేకు పడదు.

నాలుగవది హెల్మెటు. పీట్ స్నెల్ అనే అమెరికన్ పందెగాడు 1956లో తలకు దెబ్బ తగిలి చనిపోతే, అతని పేర 1957లో ఒక సంస్థ వెలసి హెల్మెట్లను పరీక్షించడం మొదలుపెట్టింది. దాని ముద్రలో ఎస్.ఏ. అంటే కార్లకు, ఎం. అంటే మోటారు సైకిళ్లకు. కార్ల హెల్మెటుకు నిప్పు తట్టుకునే పరీక్ష అదనం. దుస్తులు నూలువే మేలు. సింథటిక్ బట్ట వేడికి కరిగి ఒంటికి అంటుకుంటుంది. పొడుగు చేతుల చొక్కా, అడుగు పలచని బూట్లు వేసుకోవాలి. ఉంగరాలు, కడియాలు ఇంట్లోనే వదలాలి. గాజుల వీధి నుంచి వచ్చినవాళ్లం గనుక ఈ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

పదహారణాల పట్టు

మాకు గురువుగా దొరికినాయన మితభాషి. వాడికి ముందు కూర్చోవడం నేర్పాడు: వీపు సీటుకు ఆనాలి, చేయి చాచితే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద పడాలి, చేతులు గడియారంలో తొమ్మిది, మూడు ఉండేచోట ఉండాలి, బెల్టు బిగుతుగా ఉండాలి. తరువాత ఆయన చెప్పినదాన్ని మన లెక్కలో చెబుతాను.

టైరుకు నేల మీద ఉండే పట్టు ఒక రూపాయి అనుకోండి, పదహారణాలు. బ్రేకుకు పన్నెండణాలు ఖర్చుపెడితే మలుపుకు మిగిలేది నాలుగణాలే. రెండిటికీ పదహారేసి అణాలు కావాలంటే అప్పు పుట్టదు, కారు జారుతుంది. అందుకే బ్రేకు తిన్నని దారిలోనే వేసి, వేగం తగ్గాక మలుపు తిప్పాలి; మలుపు విప్పుకుంటున్నకొద్దీ మెల్లగా యాక్సిలరేటరు తొక్కాలి. మలుపు మధ్యలో భయపడి కాలు ఠక్కున తీసినా ముప్పే. బరువంతా ముందుకు ఒరిగి వెనుక చక్రాలు తేలికపడి, కారు బొంగరమవుతుంది.

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు పోతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం రెట్టింపు కాదు, దాదాపు నాలుగింతలు. కాబట్టి చూపు బానెట్టు మీద కాదు, రాబోయే మలుపు మీద ఉండాలి. చూపు ఎటు పోతే చేతులు అటు పోతాయి. గోడను చూస్తూ తిప్పినవాడు గోడకే పోతాడు.

రెండు చక్రాలు బాట దిగి మట్టిలో పడితే స్టీరింగు విసురుగా తిప్పి వెనక్కి లాగరాదు. తిన్నగా పోనిచ్చి, వేగం తగ్గనిచ్చి, మెల్లగా ఎక్కాలి. కారు గిరగిరా తిరిగితే క్లచ్చీ బ్రేకూ రెండూ అదిమి, ఆగేదాకా వదలరాదు. ఆగాక, మంటలు లేకపోతే బెల్టు తీయకుండా లోపలే కూర్చోవాలి. దిగి నిలబడినవాడిని వెనక వచ్చే కారు చూడకపోవచ్చు.

జెండాల భాష

పసుపు జెండా కనిపిస్తే ముందు అపాయం ఉన్నట్లు; వేగం తగ్గించాలి, దాటరాదు. ఎరుపు కనిపిస్తే అందరూ జాగ్రత్తగా నెమ్మదించి గురువులు చెప్పిన చోట ఆగాలి. నీలం అంటే వెనక వేగంగా ఒకరు వస్తున్నారని. పసుపు ఎరుపు చారల జెండా నేల జారుడుగా ఉన్నదని చెబుతుంది. నలుపు చూపితే నిన్ను లోపలికి పిలుస్తున్నారన్నమాట. గళ్ల జెండా ఆట ముగిసిందని.

ఒకరినొకరు దాటడం తిన్నని దారిలోనే, అదీ ముందువాడు చేయి చూపి దారి ఇచ్చినప్పుడే. దారి ఇవ్వడం చిన్నతనం కాదు. లాడ్ బజార్‌లో తోపుడుబండికి పక్కకు జరిగితే మన పరువేం పోయింది?

పెడలు మెత్తబడినప్పుడు

మధ్యాహ్నం మూడవ విడతకు మా వాడికి ధైర్యం వచ్చింది. నాలుగో చుట్టులో నన్ను దాటిపోతున్నప్పుడు కారు చప్పుడే మారింది. ఐతే అయిదో చుట్టుకు వాడు చేయి ఎత్తి, వేగం తగ్గించి లోపలికి వచ్చేశాడు. దిగగానే ముఖం పాలిపోయి ఉంది. "మామయ్యా, బ్రేకు లోపలికి దిగిపోయింది. ఇంకొక్క చుట్టే కదా అనుకున్నాను. కాని అక్క పెళ్లి గుర్తొచ్చింది" అన్నాడు.

గురువుగారు వాడి భుజం తట్టారు. ఆ రోజు వాడు నేర్చిన పాఠాలలో అదే గొప్పదట. వచ్చిన అపాయం గుర్తుపట్టి తిరిగి రావడం చాలామందికి చేతకాదు. "ఇంకొక్క చుట్టు" అన్న మాట ఎన్నో కార్లను గోడకు చేర్చింది. వేడెక్కిన కారును వెంటనే ఆపేయకుండా కాసేపు నెమ్మదిగా తిప్పి చల్లార్చాలనీ, ఆగాక హ్యాండు బ్రేకు వేయక గేరులో నిలపాలనీ ఆయన చెప్పారు. సాయంకాలపు చివరి విడతకు మనిషి అలసి ఉంటాడు. అలిసినవాడు దాన్ని మానుకున్నా తప్పులేదు. నీళ్లు దాహం వేయకముందే తాగాలి.

ఇంటిదారి

అసలు పరీక్ష ట్రాకు గేటు దాటాక మొదలవుతుంది. రోజంతా వేగానికి అలవాటుపడ్డ కంటికి మామూలు రోడ్డు నత్తనడకగా తోస్తుంది. జాతీయ చాంపియను అశ్విన్ సుందర్ 2017 మార్చిలో చెన్నై వీధిలో, కారు చెట్టును ఢీకొని మంటలంటుకోగా, భార్యతో సహా మరణించాడు. రోడ్డు మీద జెండాలు ఊపేవారుండరు, ఎదురు వచ్చేవారుంటారు. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. బహిరంగ రోడ్డు మీద పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద జైలుశిక్ష కూడా పడవచ్చు. మేము ఆ రాత్రి శ్రీపెరుంబుదూరులోనే నిద్రచేసి, బ్రేకు నూనె మార్పించుకుని మర్నాడు బయలుదేరాం.

పది రోజుల తరువాత కొలతకు సరిచేయమని ఇచ్చిన గాజుల కోసం మళ్లీ లాడ్ బజార్‌కు వెళ్లాం. దుకాణం వెనుక ముసలి కారీగరు బొగ్గుల మీద లక్క కాస్తున్నాడు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు లక్క గాజు ఆ నిప్పులోంచే వస్తుంది. మెత్తబడ్డ లక్కను వేళ్లతో సాగదీసి, చుట్టి, రాళ్లు పొదుగుతున్నాడు. మా వాడు కన్నార్పకుండా చూస్తుంటే ఆయన నవ్వి, "వేడి కావాలె బాబూ, ఎక్కువైతే మాత్రం చేతికి రాదు. ఎప్పుడు తియ్యాలో తెలిస్తేనే పని" అన్నాడు.

మేనల్లుడు నా వంక చూశాడు. ఏమీ అనలేదు. గాజుల డబ్బా జాగ్రత్తగా గుండెకు హత్తుకుని, ముందున్న తోపుడుబండి కదిలేదాకా ఓపికగా నిలుచున్నాడు.