పిస్తా చెట్టు తెగులు - మన జిగర్‌కు ముప్పు



"హకీం గారూ, ఇంట్లో ఉన్న పిస్తా కొంచెం చేదెక్కింది. పారేయడానికి మనసొప్పడం లేదు. వేయించి పిల్లలకు పెట్టవచ్చా?" అని ఒక తల్లి మా దవాఖానాలో అడిగారు. వద్దని చెప్పాను. కారణం తెలియాలంటే చెట్టు దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

పిస్తాకు శీతాకాలంలో గట్టి చలి, వేసవిలో పొడి ఎండ కావాలి. అందుకే ఇరాన్‌లోని రఫ్సంజాన్, టర్కీలోని గాజియాంటెప్, అమెరికాలోని కాలిఫోర్నియా ప్రాంతాల్లో తోటలు ఎక్కువ. ఈ చెట్టుకు తేమ శత్రువు. వాన పడినా, మంచు కురిసినా, తుంపర నీరు ఆకుల మీద నిలిచినా బూజు తెగుళ్లు మొదలవుతాయి.

వాటిలో ముఖ్యమైనవి మూడు. సెప్టోరియా వల్ల ఆకుల మీద చిన్న గోధుమరంగు మచ్చలు వచ్చి, ఆకులు ముందే రాలిపోతాయి. ఆల్టర్నేరియా వేసవి చివర్లో ఆకుల మీద, కాయల మీద నల్లమచ్చలు వేస్తుంది, పెంకుకు మరక పడుతుంది. కాలిఫోర్నియా తోటల్లో 1984లో గుర్తించిన బోట్రియోస్ఫేరియా గుత్తులను, లేత కొమ్మలను నల్లగా మాడ్చేస్తుంది. ఎండిన కొమ్మలు కత్తిరించి తీసేయడం, నీటి తుంపరలు ఆకులకు తగలకుండా చూడడం రైతులు చేసే పని.

ఈ మూడూ ముఖ్యంగా రైతుకు నష్టం. మనకు ముప్పు తెచ్చేది వేరొకటి, ఆస్పర్‌జిల్లస్ అనే బూజు. మామూలుగా పిస్తా పెంకు లోపల పగిలినా పైతొక్క మూసుకునే ఉంటుంది. కొన్ని కాయల్లో తొక్క కూడా ముందే చీలుతుంది. ఆ చీలిక గుండా పురుగు, బూజు లోపలికి చేరతాయి. కోసిన తర్వాత సరిగా ఆరబెట్టకపోయినా ఇదే జరుగుతుంది. ఈ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది జిగర్‌ను, అంటే కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎక్కువకాలం తింటే క్యాన్సర్‌కు దారితీస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా మరణించడానికి కారణం ఈ విషమే. 1997లో ఐరోపా సమాఖ్య ఇరాన్ పిస్తాను కొంతకాలం ఆపేసిందీ దీనివల్లే. తినడానికి సిద్ధంగా ఉన్న పిస్తాలో కిలోకు 10 మైక్రోగ్రాములు మించరాదని అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం.

వేయిస్తే బూజు చస్తుంది గాని విషం పూర్తిగా పోదు. ఆ తల్లికి వద్దన్నది అందుకే.

యునానీలో మగ్జె పిస్తాను బలానికి, కాయ పైతొక్కను మేదా బలానికి వాడతాం. ముందుగా మచ్చపడేది ఆ తొక్కే. కాబట్టి మచ్చలున్న తొక్కను మందులో వేయకూడదు. ఇది మా హకీములకూ వర్తించే మాట.

మీరు పాటించవలసినవి:

- సరుకు త్వరగా అమ్ముడుపోయే దుకాణంలో కొద్దికొద్దిగా కొనండి. చవకగా వచ్చే ముక్కలు, పొడి వద్దు.
- ముక్కిన వాసన, ముడతలు, పురుగు రంధ్రాలు, బూజు ఉంటే తీసుకోకండి.
- గాలి చొరని డబ్బాలో పోసి, చల్లని పొడిచోట లేదా ఫ్రిజ్‌లో ఉంచండి.
- చేదు తగిలితే ఉమ్మేసి నోరు పుక్కిలించండి.
- చెడిన పప్పు కోళ్లకు, పశువులకు వేయకండి. ఆవు తింటే ఆ విషం పాలలోకీ వస్తుంది.

వేరుశనగకూ, ఎండుమిర్చికీ ఇవే జాగ్రత్తలు. మంచి పప్పు గుప్పెడు తింటే బలం. చెడిన పప్పు పారేస్తే పోయేది పది రూపాయలే, తింటే పోయేది జిగర్.