స్ఫటికం లోపలి పటం

వర్గల్ సరస్వతి గుడి గుట్ట చుట్టూ కనిపించే సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాతినేల ధార్వార్ పురాతన భూఖండంలో భాగం. హైదరాబాద్ గ్రానైట్లూ, ‘షోలే’ సినిమా తీసిన కర్ణాటకలోని రామనగర గుట్టలూ అందులోవే. రామనగర గుట్టలది క్లోజ్‌పేట గ్రానైట్. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 400 కిలోమీటర్లు సాగే ఈ శిలలో రెండు మాగ్మాలు కలిసిన ఆనవాళ్లున్నాయి. ఒకటి మాంటిల్ నుంచి వచ్చింది, మరొకటి భూమి పైపొర కరిగి పుట్టింది.

వేడి, చిక్కదనం వేరైన ఈ ద్రవాలు ఒక్కసారిగా కలిసిపోవు. పాలలో డికాక్షన్ పోసి ఇంకా తిప్పకముందు కనిపించే చారల్లా ఉంటాయి. అక్కడ పెరుగుతున్న ఫెల్డ్‌స్పార్ స్ఫటికం తనను తాకిన ద్రవంతోనే పొర మీద పొర కట్టుకుంటుంది. పొటాషియం ఫెల్డ్‌స్పార్ బేరియంను ఇష్టంగా లాక్కుంటుంది కాబట్టి, మిగిలిన ద్రవంలో అది తగ్గిపోతుంది. ఆ లెక్కన స్ఫటికం నడిమి నుంచి అంచుకు బేరియం తగ్గుతూ పోవాలి. మధ్యలో ఎక్కడో ఒక్కసారిగా పెరిగితే? కొత్త మాగ్మా అక్కడికి చేరిందని అనుమానించాలి.

దీన్ని పట్టుకోవడానికి లేజర్‌తో స్ఫటికం మీద సన్నని గుంటలు కాలుస్తారు. లేచిన ధూళిని మాస్ స్పెక్ట్రోమీటర్ మూలకాలవారీగా లెక్కిస్తుంది. ఆ గుంటల మధ్య ఖాళీలను కంప్యూటర్ గణించి పూరిస్తుంది. స్ఫటికంలోని స్థానాలు అడుగుతలంగా, బేరియం మోతాదు ఎత్తుగా ఒక త్రిమితీయ పటం తయారవుతుంది. దాని గరుకుదనాన్ని హర్‌స్ట్ సూచీతో కొలుస్తారు. అది 0.5 దాటితే, పెరుగుదలైనా తగ్గుదలైనా మొదలైన దిశలోనే కొనసాగే ధోరణి ఉన్నట్టు. తక్కువైతే, పెరిగిన వెంటనే తగ్గే ఊగిసలాట.

రాయిని పొడిచేసి సగటు తీస్తే ఇదంతా ఒక్క అంకెలో చెరిగిపోతుంది. అందుకే నాకు ఈ పటాలంటే అంత విలువ. అయితే ఖాళీలను నింపింది కొలత కాదు, గణన. ఆ మెలకువ తప్పకూడదు.

పోలండ్ శాస్త్రవేత్త ఎవా స్లాబీ బృందం, భారతీయ శాస్త్రవేత్త జయానందతో కలిసి, క్లోజ్‌పేట ఫెల్డ్‌స్పార్‌లను పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించింది. మాగ్మా దశ ముగిశాక కూడా మాంటిల్ నుంచి వచ్చిన వేడి ద్రవాలు ఆ స్ఫటికాలను కొంత మార్చాయని తేల్చింది. అంటే పటంలో కనిపించే ప్రతి ఎగుడూ దిగుడూ పెరిగిన నాటిది కాదు. తరువాతి మార్పులను వేరుచేశాకే, మాగ్మాలు కలిసిన తీరు గురించి ఆ స్ఫటికాన్ని నమ్మాలి.