అడవి మొక్కకు కాపలా ఎవరు?
కాణి గిరిజనుల ఒప్పందం నేర్పిన పాఠం

తిరువనంతపురం: అడవిలో పెరిగే ఒక చిన్న మొక్క గురించి గిరిజనులకు తెలిసిన విషయాన్ని శాస్త్రజ్ఞులు ఔషధంగా మలచి, దానిపై వచ్చిన ఆదాయంలో సగం ఆ గిరిజనులకే అప్పగించిన ఉదంతం కేరళలో చోటుచేసుకుంది. జీవవైవిధ్యంపై జరిగే అంతర్జాతీయ చర్చల్లో ఇది తరచు ప్రస్తావనకు వస్తూ ఉంటుంది. అయితే సొమ్ము పంపిణీలో లభించిన విజయం మొక్క సాగులో లభించకపోవడం దీనిలోని రెండో పార్శ్వం.

పడమటి కనుమల దక్షిణపు కొసన ఉన్న అగస్త్యమలై అడవుల్లో కాణి గిరిజనులు నివసిస్తున్నారు. 1987 డిసెంబరులో డాక్టర్ పి. పుష్పాంగదన్ నాయకత్వాన శాస్త్రజ్ఞుల బృందం ఒకటి ఈ కొండల్లో పర్యటించింది. కొండదారిలో శాస్త్రజ్ఞులు అలసి చతికిలబడగా, దారి చూపుతున్న కాణిలు మాత్రం ఉత్సాహంగా నడవడం వారిని ఆశ్చర్యపరిచింది. కాణిలు మధ్యమధ్య ఏవో చిన్న కాయలు నములుతున్నట్లు గమనించి బృందం ఆరా తీసింది. మొదట చెప్పడానికి వెనుకాడిన గిరిజనులు, దుర్వినియోగం జరగదన్న హామీ లభించాక మొక్కను చూపించారు.

‘ఆరోగ్యపచ్చ’గా ప్రసిద్ధి చెందిన ఈ మొక్క శాస్త్రీయ నామం ట్రైకోపస్ జెలానికస్. పాలోడ్‌లోని ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధనా సంస్థలో దీనిపై పరీక్షలు జరిగాయి. కాణిలు తినేది కాయ కాగా, అలసట పోగొట్టే గుణం ఆకుల్లోనూ ఉన్నట్లు తేలింది. ఆ ఆకులకు అశ్వగంధ, పిప్పలి, విష్ణుక్రాంతలను జోడించి శాస్త్రజ్ఞులు ‘జీవని’ అనే మందును రూపొందించారు. 1995లో కోయంబత్తూరుకు చెందిన ఆర్యవైద్య ఫార్మసీకి దీని తయారీ హక్కును ఏడేళ్ల గడువుతో ఇచ్చారు. లైసెన్సు రుసుము 10 లక్షల రూపాయలు, అమ్మకాలపై రాయల్టీ 2 శాతం. ఈ రెండింటిలోనూ సగం కాణిలకు చెందాలని సంస్థ నిర్ణయించింది.

అప్పటికి దేశంలో జీవవైవిధ్య చట్టం లేదు. జన్యు వనరులపై వచ్చే లాభాలను న్యాయంగా పంచాలని 1992 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెప్పినా, పంచే విధానం ఏమిటో ఎవరికీ స్పష్టంగా తెలియదు. ఈ పరిస్థితుల్లో 1997లో కాణిల సంక్షేమ ట్రస్టు రిజిస్టరయింది. 1999లో 5 లక్షల రూపాయలకు పైగా మొత్తం ఆ ట్రస్టుకు జమ అయింది. ఈ కృషికి 2002లో పుష్పాంగదన్‌కు ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఆకు దగ్గర వచ్చిన చిక్కు

మందు తయారీకి ఆకు కావాలి. అడవిలో దొరికినంతా కోసుకుపోతే అరుదైన ఈ మొక్క అంతరించిపోయే ప్రమాదం ఉంది. అందువల్ల కాణి కుటుంబాల చేత చెట్ల నీడన సాగు చేయించాలని తలపెట్టారు. మొక్కను పెరకకుండా ఆకులు మాత్రమే కోస్తే అది తిరిగి చిగురిస్తుంది. సహజసిద్ధమైన పరిసరాలకు దూరంగా పెంచితే ఔషధ గుణం తగ్గుతుందని పరిశోధకులు పేర్కొన్నారు. అంటే అడవి నిలిస్తేనే ఆరోగ్యపచ్చ, అది నిలిస్తేనే కాణిలకు ఆదాయం.

కానీ ఆ భూమి రక్షిత అటవీ ప్రాంతం. సాగు పేరిట అడవి మొక్కలు దొంగచాటుగా తరలిపోతాయని అటవీ శాఖ ఆందోళన వ్యక్తం చేసింది. ఆకు సేకరణకు అనుమతుల విషయంలో ప్రతిష్టంభన ఏర్పడడంతో సరఫరా నిలకడగా సాగలేదు. శాస్త్రజ్ఞులు, గిరిజనులు, కంపెనీ కలసి కుదుర్చుకున్న ఏర్పాటులో అడవిపై అధికారం గల శాఖకు మొదటి నుంచి చోటు లేకపోవడమే ఇందుకు ప్రధాన కారణమని చెప్పవచ్చు. మరోవైపు, తమ విద్యను బయటివారికి అందించడాన్ని కాణి వైద్యుల్లోనే కొందరు వ్యతిరేకించారు.

తర్వాత వచ్చిన చట్టాలు

2002లో పార్లమెంటు జీవవైవిధ్య చట్టాన్ని ఆమోదించింది. దీని కింద చెన్నై కేంద్రంగా జాతీయ ప్రాధికార సంస్థ, స్థానిక సంస్థల స్థాయిలో యాజమాన్య కమిటీలు ఏర్పడ్డాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపైనే గాక, సంప్రదాయ విజ్ఞానంపై కూడా అడవి బిడ్డల సామూహిక హక్కును గుర్తించింది. లాభాల పంపిణీపై 2010లో కుదిరిన నగోయా ఒప్పందం 2012లో హైదరాబాద్‌లో జరిగిన అంతర్జాతీయ జీవవైవిధ్య సదస్సులో చర్చకు వచ్చి, 2014లో అమల్లోకి వచ్చింది.

ఇదిలా ఉండగా, 2023లో జీవవైవిధ్య చట్టానికి చేసిన సవరణ గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానాన్ని వాడుకునే దేశీయ సంస్థలకు లాభాల పంపిణీ నుంచి మినహాయింపు ఇచ్చింది. కాణిల విద్య మాత్రం నోటి మాటగా తరతరాలకూ అందుతూ వచ్చినది. దాన్ని పుస్తకాలకు ఎక్కించేవారు ఎవరి అనుమతితో, ఎవరి పేరిట ఎక్కిస్తారన్న ప్రశ్నకు అందువల్ల ప్రాధాన్యం పెరిగింది.

మొక్కను గుర్తు పట్టగలిగిన మనిషికి దాని ఆకుపై చట్టబద్ధమైన ఆదాయం ఉంటే, ఆ మొక్కను పెరికేవారిని అతడే అడ్డుకుంటాడు. ఆదాయం లేనినాడు అడవి అంతటికీ కాపలా కాయడం ఏ శాఖ సిబ్బందికీ సాధ్యం కాదు. రాయల్టీ ఎంత శాతమన్న దానికి ముందే సాగు హక్కు ఎవరిదో తేల్చుకోవాలన్నది అగస్త్యమలై అనుభవం చెబుతున్న సంగతి.